ఆరేళ్లుగా లైనక్స్‌సీఎన్‌సీ మీద నడుస్తున్న మా పాత మిల్లింగ్ మెషీన్

2019 వానాకాలంలో, లోహాన్ని చెక్కే మా వర్టికల్ మిల్లింగ్ మెషీన్‌కు ఆదేశాలిచ్చే కంట్రోలర్ మూడోసారి పడకేసింది. మొదటిసారి యాక్సిస్ కార్డు (ఒక్కో దిశలో కదలికను నడిపే బోర్డు) పోయింది. హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ కార్డు కొని వేస్తే రెండు నెలలు తిరక్కుండానే అదీ పోయింది. మూడోసారి మెమరీ బ్యాటరీ దిగిపోయి పారామీటర్లు, అంటే మెషీన్ సెట్టింగ్ అంకెలన్నీ చెరిగిపోయాయి. పానెల్ తలుపు లోపల అంటించిన పారామీటర్ల కాగితం మీద సగం అంకెలు ఆయిల్ మరకల కింద కనబడలేదు.

మా వర్క్‌షాపు మహారాష్ట్రలోని చంద్రపూర్ ఎంఐడీసీ పారిశ్రామికవాడలో ఉంది. మా నాన్న మంచిర్యాల నుంచి బొగ్గు గనుల పనికి బల్లార్షా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. గనుల పంపులకు కప్లింగులు, సిమెంటు ఫ్యాక్టరీలకు బేరింగ్ హౌసింగులు చేస్తాం. మెషీన్‌కు అప్పటికి 28 ఏళ్లు. అయినా కటర్‌ను తిప్పే స్పిండిల్ సద్దు లేకుండా తిరిగేది, స్లయిడ్ల మీద స్క్రేపింగ్ గుర్తులు ఇంకా పోలేదు. అంత మంచి ఇనుమును తుక్కు కింద తూకం వేయడానికి నాకు మనసొప్పలేదు. మోటార్లు, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవులతో సహా కొత్త కంట్రోలర్ పెట్టడానికి ఆరున్నర లక్షలు అడిగారు. మేం పాత డీసీ సర్వో మోటార్లు, వాటి డ్రైవులు అలాగే ఉంచి కంట్రోలర్ ఒక్కటే మార్చాం. మొత్తం లక్షా నలభై వేలైంది. మూడు నెలల పని కూడా పట్టింది. ఆ మూడు నెలలు మెషీన్ సంపాదించింది ఏమీ లేదు కాబట్టి ఖర్చులో అదీ కలపాలి.

లైనక్స్‌సీఎన్‌సీ అంటే కంప్యూటర్‌తో ఇలాంటి మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్, ఉచితం. అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ నిస్ట్‌లో ఈఎంసీ అనే పేరుతో మొదలై, తర్వాత వాడేవాళ్ల చేతుల్లో పెరిగింది. దీన్ని మామూలు కంప్యూటర్ మీదే వేశాం. మోటార్లతో మాట్లాడటానికి మీసా కంపెనీ 7ఐ92, 7ఐ77 బోర్డులు తీసుకున్నాం. మొదటిది ఈథర్‌నెట్ తీగతో కంప్యూటర్‌కు కలుస్తుంది. రెండోది ఆరు యాక్సిస్‌లకు మైనస్ పది నుంచి ప్లస్ పది వోల్టుల దాకా ఇస్తుంది, ఆరు ఎన్‌కోడర్లు (మోటారు ఎంత తిరిగిందో చెప్పేవి) చదువుతుంది. మా పాత డ్రైవులకు కావలసింది సరిగ్గా ఆ పది వోల్టులే. మా ఎన్‌కోడర్‌లో చుట్టుకు 2500 గీతలు, అంటే 10,000 లెక్కలు. టేబుల్‌ను కదిపే బాల్ స్క్రూ పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) 10 మిల్లీమీటర్లు, మోటారు నేరుగా తిప్పుతుంది. ఒక్కో లెక్క ఒక మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) అన్నమాట.

మోటారు మొదటిసారి కదిలింది మా బావమరిది చేతుల మీదుగా. పాలిటెక్నిక్ చదివాడు, లైనక్స్ వాడికి ముందే తెలుసు. "బావా, ఒక చెయ్యి ఎమర్జెన్సీ బటన్ మీదే ఉంచు" అన్నాడు, అన్నట్టే అవసరమైంది. ఎక్స్ మోటారు తీగలు తారుమారై టేబుల్ ఒక్కసారి దూకింది. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఎమర్జెన్సీ స్టాప్‌ను సాఫ్ట్‌వేర్ మీద వదలకండి. బటన్ నొక్కగానే కాంటాక్టర్ పడిపోయి డ్రైవులకు కరెంటు పోవాలి, కంప్యూటర్ బతికి ఉన్నా చచ్చినా. పైకీ కిందికీ కదిలే జెడ్ యాక్సిస్ బ్రేక్ కూడా అదే క్షణంలో పట్టాలి, లేకపోతే స్పిండిల్ తల బరువుకు కిందికి జారుతుంది.

ట్యూనింగ్‌కు పది రోజులు పట్టింది. ఇందులో హాల్‌స్కోప్ అనే పరికరం ఉంది. యాక్సిస్ ఎక్కడ ఉండాలో, నిజంగా ఎక్కడ ఉందో రెండూ గీతలుగా స్క్రీన్ మీద చూపిస్తుంది. మొదట కదలికలో మూడు వందల మైక్రాన్లు వెనకబడేది. ఎఫ్ఎఫ్1 అనే సెట్టింగ్ సరిచేశాక పది మైక్రాన్లకు వచ్చింది. ఆరేళ్ల తర్వాత ఈ సిస్టంలో నాకు అన్నిటికంటే విలువైనది ఏదంటే ఈ హాల్‌స్కోపే అంటాను. పాత కంట్రోలర్ ఒక అలారం నంబర్ చూపించి ఊరుకునేది, మేం ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్లం. ఇప్పుడు మెషీన్ ఆగితే ఏ స్విచ్ రాలేదో, ఏ యాక్సిస్ వెనకబడిందో పావుగంటలో మేమే చూసుకుంటాం.

పాత ప్రోగ్రాములు వాడాలనుకునేవాళ్లు మాత్రం ఇక్కడ ఆగి చదవండి. మా పాత కంట్రోలర్‌లో చుక్క లేకుండా జెడ్-50 అని రాస్తే 50 మైక్రాన్లు. లైనక్స్‌సీఎన్‌సీలో అదే 50 మిల్లీమీటర్లు. పెద్ద అంకెలతో భయం లేదు, ఎక్స్10000 అంటే పది మీటర్లు కాబట్టి లిమిట్ దాటిందని ముందే హెచ్చరిస్తుంది. ప్రమాదం చిన్న అంకెలతోనే. రెండో రోజే, 0.05 మిల్లీమీటర్ల లోతు ఫినిషింగ్ కట్ తీయాల్సిన చోట 16 ఎంఎం కటర్ జాబ్‌ను చీల్చుకుంటూ వైస్‌లోకి దిగి విరిగిపోయింది. రన్ చేసే ముందు స్క్రీన్ మీద టూల్ దారి బొమ్మ, దాని కొలతలు కనిపిస్తాయి. నేను చూడలేదు, తప్పు నాది. కాసేపు ఆగమని చెప్పే జీ04 పీ500 కూడా అంతే. పాతదాంట్లో అర సెకను, ఇక్కడ 500 సెకన్లు. తర్వాత మా బావమరిది చుక్క లేని దూరాలు, ఆగే సమయాల అంకెలన్నిటినీ వెయ్యితో భాగించే చిన్న ప్రోగ్రాం రాశాడు. అది దాటకుండా పాత ఫైలు ఏదీ మెషీన్‌కు వెళ్లదు.

మేమంతా కాకా అని పిలిచే మా పెద్ద ఆపరేటర్‌కు మొదట్లో ఇది అస్సలు నచ్చలేదు. "పాతదే మంచిగుండె తమ్మీ, నూనె చేతులతో మౌస్ ఎట్ల పడతం?" అన్నాడు. ఆయన మాట నిజం. మౌస్, కీబోర్డుతో వర్క్‌షాపులో పని నడవదు. సైకిల్ స్టార్ట్, ఫీడ్ హోల్డ్ బటన్లు, ఒక హ్యాండ్‌వీల్ పెట్టి విడిగా పానెల్ చేశాం. మొదటిరోజే చేయాల్సిన పని అది. ట్యాపింగ్ (బోరులో మరలు కోయడం) మాత్రం ఆయన్ని గెలుచుకుంది. స్పిండిల్‌కు ఎన్‌కోడర్ ఉంటే జీ33.1 ఆదేశంతో రిజిడ్ ట్యాపింగ్, అంటే స్పిండిల్ తిరుగుడుకు సరిగ్గా కలిసి ట్యాప్ దిగడం, అవుతుంది. ఎం8 ట్యాప్ 1.25 పిచ్‌తో దిగి, అదే చాలులో వెనక్కి వస్తుంటే కాకా మూడు బోర్లు వరసగా చూసి, నాలుగోది తనే నొక్కాడు.

ఎండాకాలం సంగతి వేరు. మే నెలలో ఇక్కడ 46, 47 డిగ్రీలు మామూలు, పైగా గాలి నిండా బొగ్గు పొడి. 2021 మేలో స్క్రీన్ మీద రియల్‌టైం ఆలస్యమైందనే (కంప్యూటర్ టైముకు ఆదేశం పంపలేకపోయిందనే) హెచ్చరిక రోజూ మధ్యాహ్నం వచ్చేది. కంప్యూటర్ ఫిల్టర్ పొడితో మూసుకుపోయి ప్రాసెసర్ వేడెక్కుతోంది. కంప్యూటర్‌ను డ్రైవుల పానెల్‌లోంచి తీసి బయట వేరే డబ్బాలో పెట్టాం, పానెల్‌కు కూలర్ వేశాం. ఆ ఎండల్లోనే ఇంకో చిక్కు వచ్చింది. రోజంతా నడిచాక వై యాక్సిస్ సున్నాకు వస్తే కొలత డయల్ 0.03, 0.04 మిల్లీమీటర్ల తేడా చూపేది. స్పిండిల్ డ్రైవ్ నాయిస్ ఎన్‌కోడర్ తీగలోకి దూరుతోందని తేలడానికి రెండు వారాలు పట్టింది. చూస్తే ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. నీళ్లు పోసి, ఉప్పు, బొగ్గు నింపి, ఎన్‌కోడర్ తీగ షీల్డును ఒకవైపే ఎర్త్ చేశాక తగ్గింది. ఇప్పుడు ఏప్రిల్ నుంచి వారం వారం ఆ గుంతలో నీళ్లు పోస్తాం.

కంట్రోలర్ మార్చితే మెషీన్ కొత్తదైపోతుందని అనుకోకండి. మా ఎక్స్‌లో 40 మైక్రాన్ల బ్యాక్‌లాష్ (దిశ మారినప్పుడు స్క్రూలో కనిపించే వదులు) ఉండేది. సెట్టింగ్‌లో ఆ అంకె రాస్తే బోర్ల దూరాలు సరిపోయాయి గానీ, గుండ్రని పాకెట్ తీస్తే ఎక్స్ యాక్సిస్ వెనక్కి తిరిగే రెండు చోట్లా గీత అలాగే పడేది. చివరికి స్క్రూ బేరింగులు, నట్టు మార్పించాకే అది పోయింది. డీసీ మోటార్ల కార్బన్ బ్రష్‌లు కూడా ఆరు నెలలకోసారి తీసి చూడాల్సిందే.

టూళ్లను తనే మార్చే టూల్ చేంజర్ విషయంలో నేనింకా పూర్తి సంతృప్తిగా లేను. దాని లాజిక్ మేమే రాసుకున్నాం. మొదట్లో గాలి ప్రెజర్ స్విచ్ తీగ కలపడం బద్ధకించాను. ఒకరోజు కంప్రెసర్ ప్రెజర్ పడిపోయి, టూల్‌ను పట్టి ఉంచే డ్రాబార్ దాన్ని వదలకముందే, టూళ్లు మోసే క్యారొసెల్ లాగింది, గ్రిప్పర్ వంగింది. స్విచ్ కలిపాక మళ్లీ అలా కాలేదు. కానీ ఒక్కో మార్పుకు పదహారు సెకన్లు పడుతోంది, పాత కంట్రోలర్‌లో పదకొండే.

లైనక్స్‌సీఎన్‌సీ 2.7 వెర్షన్ నుంచి 2.8కి మారినప్పుడు సెట్టింగ్ ఫైళ్లను స్క్రిప్టు తనే మార్చింది. మేం సొంతంగా రాసుకున్న లైన్లలో కొన్ని పేర్లు మాత్రం చేత్తో దిద్దాం. వర్క్‌షాపులో కనీసం ఒక్కరికి చదివి అర్థం చేసుకునే ఓపిక లేకపోతే దీని జోలికి పోవద్దని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. ఇక్కడ ఫోన్ చేస్తే వచ్చే మనిషి ఎవరూ లేరు. మా దగ్గర బీరువాలో ఒక స్పేర్ 7ఐ77 బోర్డు, ఎస్ఎస్‌డీకి రెండు కాపీలు ఉన్నాయి. వైరింగ్ డ్రాయింగ్ ఈసారి లామినేషన్ చేయించి పానెల్ తలుపు లోపల పెట్టాం.