బటన్ ఫోన్ ఇంకా నా జేబులోనే ఎందుకుందంటే

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె, పలాసకి దగ్గర. తిత్లీ తుపానుకి ముందు ఏడాది కాశీబుగ్గ బజార్లో కొన్న బటన్ ఫోనే ఈరోజుకీ వాడుతున్నాను. ఇంట్లో టచ్ ఫోన్ ఉంది, పిల్లలు చదువుకి వాడతారు, నేను డబ్బులు పంపడానికి తీస్తాను, కానీ తోటకి వెళ్లేటప్పుడు మాత్రం చిన్న ఫోనే. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ రకం ఫోన్లన్నీ ఇంచుమించు ఒకలాగే పనిచేస్తాయి.

ముందు చేతుల సంగతి చెప్పాలి. జీడి సీజన్లో పండు నుంచి పిక్క మెలిపెట్టి తీస్తుంటే రసం కారి వేళ్లన్నీ జిగటగా అయిపోతాయి, ఆ చేత్తో టచ్ ఫోన్ తీస్తే ఎంత జరిపినా కదలదు, ఈలోగా అవతలివాళ్లు పెట్టేస్తారు. దీనికైతే పచ్చ బటన్ వేలి కణుపుతో నొక్కినా చాలు. మా ఆవిడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది కదా, ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయి వేలిముద్ర లాక్ అసలు పడదు. ఇలాంటి చేతులున్నవాళ్లు మా వైపు చాలామంది. ఫోన్లు తయారుచేసేవాళ్లు ఒక్కసారి వీళ్ల చేతులు చూడాలి.

ఛార్జింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఆదివారం పెడితే మళ్లీ వారం మధ్యలోనే చూసుకోవడం. బ్యాటరీ ఒకసారి ఉబ్బింది, వెనక మూత తీసి కొత్తది వేసుకున్నాను, అంతే.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం తిత్లీ అప్పుడే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస అన్నీ కూలిపోయాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి, టవర్లు కూడా పనిచెయ్యలేదు కాబట్టి మొదట్లో ఏ ఫోనైనా ఒకటే. అయితే రాత్రిళ్లు దీని టార్చే మాకు దీపం. తర్వాత రోడ్డు మీద ఒకచోట సిగ్నల్ తగులుతోందని తెలిసేసరికి టచ్ ఫోన్లన్నీ చచ్చిపోయి ఉన్నాయి, దీంట్లో ఇంకా ఛార్జింగ్ ఉంది. మా వీధిలోవాళ్లు చీటీ ముక్కల మీద నంబర్లు రాసుకుని వచ్చారు. హైదరాబాద్‌లో కొడుకు, చెన్నైలో అల్లుడు, గుజరాత్ వెరావల్‌లో చేపల వేటకి వెళ్లిన తమ్ముడు... "బాగానే ఉన్నాం, ఇల్లు పోయింది, మనుషులం ఉన్నాం" అని అంతమాత్రం చెప్పి పక్కవాళ్లకి ఇచ్చేసేవారు.

అమ్మకి కూడా ఇలాంటిదే కొనిచ్చాను. ఆమెకి చూపు తక్కువ. 5 బటన్ మీద చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని తడుముకుని పైకి వెళ్తే 2, అది నొక్కిపెడితే ఆర్మీలో ఉన్న తమ్ముడికి ఫోన్ వెళ్తుంది. "ఏట్రా, తిన్నావేటి?" అని ఆమె మాట మొదలుపెట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, నాకు అదే పెద్ద ధైర్యం.

ఇక ఇబ్బందులు. నా ఫోన్లో తెలుగు మెసేజ్ వస్తే అన్నీ డబ్బాలే కనిపిస్తాయి. అంతకన్నా పెద్ద టెన్షన్ ఓటీపీది. మెసేజ్‌ల డబ్బా చిన్నది, రీఛార్జ్ ఆఫర్లూ లోన్ మెసేజ్‌లతో నిండిపోతే కొత్తది లోపలికి రాదు, ఈకేవైసీ కోసం, అంటే ఆధార్‌తో మనం మనమేనని సరిచూపించుకోవడానికి, క్యూలో నిలబడి ఓటీపీ కోసం చూస్తుంటే వెనకవాళ్లు తోస్తుంటారు. అందుకే ఏదైనా ఆఫీసుకి వెళ్లే ముందు పాతవన్నీ చెరిపేస్తాను. ఇంకొకటి, నాది 2జీ ఫోన్. జియో 2016లో 4జీతోనే వచ్చింది, దానికి 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ దీంట్లో పనిచెయ్యదు.

నెట్ లేని ఫోన్‌కి నెట్ ప్యాక్ వెయ్యాల్సి రావడం నాకు చాలాకాలం బాధ కలిగించింది. ఫోన్ కంపెనీలకి నిబంధనలు పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కాల్స్, మెసేజ్‌లకి మాత్రమే విడిగా ప్యాక్ ఉండాలని నిబంధన పెట్టింది, గడువు 365 రోజుల వరకు ఇవ్వొచ్చంది. షాపువాడు చెప్పకపోయినా మీరే అడగండి, అమ్మానాన్నల ఫోన్లకి తప్పకుండా. డబ్బులు పంపడం కూడా వీటితో అవుతుంది. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ యూపీఐ 123పే తెచ్చింది, నెట్ అక్కర్లేదు, ఫోన్లో వినిపించే గొంతు చెప్పినట్టు బటన్లు నొక్కుతూ పోవడమే, 2024లో ఒక్కసారికి పంపే పరిమితి 5,000 నుంచి 10,000 రూపాయలకి పెంచారు. సిగ్నల్ నిలకడగా ఉన్నచోట నిలబడి చెయ్యండి, పిన్ మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

ఇప్పుడు కొనేవాళ్లు 2జీది తీసుకోకండి. 4జీ బటన్ ఫోన్లు వస్తున్నాయి, అదే అడగండి. షాపులోనే తెలుగు మెసేజ్ ఒకటి పంపించి అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూడండి, బయట రోడ్డు మీదకొచ్చి ఆటోల మోతలో రింగ్ వినిపిస్తోందా చూడండి, బ్యాటరీ ఊడదీసే రకమే తీసుకోండి.