సెంట్రల్ పార్క్ రిజర్వాయర్ వాకింగ్: స్ట్రోలర్ మాత్రం తీసుకెళ్లకండి

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి మూడు వారాలైంది, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇంటి చుట్టూ తిరిగి తిరిగి నాన్నకి విసుగొచ్చేసింది, సరే అని ఆదివారం పొద్దున్నే ట్రైనెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి సి సబ్‌వే ట్రైన్‌లో 86వ వీధికి వెళ్లాం. అక్కణ్ణుంచి సెంట్రల్ పార్క్‌లోని రిజర్వాయర్‌కి నడకే. టికెట్టూ గికెట్టూ ఏం లేదు.

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. పాపని స్ట్రోలర్‌లో వేసుకెళ్లాం, రిజర్వాయర్ చుట్టూ ఉండే పై ట్రాక్ మీదకి స్ట్రోలర్లు, సైకిళ్లు, కుక్కలు రానివ్వరట. ముందే చూసుకోవాల్సింది, తప్పు నాదే. అమ్మా, మా ఆవిడా పాపతో కిందున్న బ్రైడిల్ పాత్ (గుర్రాల దారి) పట్టుకున్నారు, అది మట్టి దారి, చక్రాలు లాగలేక మా ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

నాన్నేమో పైకెక్కగానే ప్రదక్షిణ చేసినట్టు నీళ్లని కుడిచేతి వైపు పెట్టుకుని బయల్దేరారు. ఇక్కడ రూల్ ఉల్టా, నీళ్లు ఎడమవైపే ఉండాలి, అందరూ అలాగే తిరుగుతారు. ఎదురుగా పరిగెత్తుకొస్తున్న ఒకాయన గుద్దబోయి ఆగాడు. "ఇది గుడి కాదు నాన్నా" అంటే "గంగమ్మ దేవత కాదేంట్రా" అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగారు.

రౌండ్ 1.58 మైళ్లు, అంటే రెండున్నర కిలోమీటర్లు. మాకు గంట పట్టింది, ఎందుకంటే నాన్న ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, ప్రతి పదడుగులకీ ఓ ప్రశ్న. 106 ఎకరాలు, వంద కోట్ల గ్యాలన్లు, 1862కల్లా కట్టేశారు, క్రోటన్ నది నుంచి వచ్చే నీళ్లు ఇక్కణ్ణుంచే ఊరికి వెళ్లేవి అని చెప్తే చాలా మెచ్చుకున్నారు. 1993 నుంచి తాగడానికి వాడట్లేదు అనగానే మొహం మాడిపోయింది. పార్కులో వేరే చెరువులకి ఇక్కణ్ణుంచే నీళ్లెళ్తాయంటే కాస్త శాంతించారు. నీళ్లు వదిలే గేట్లుండే రాతి గేట్‌హౌస్ దగ్గర్నుంచైతే కదలరు! ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు కెనెడీ భార్య జాక్వెలిన్ ఇక్కడే జాగింగ్ చేసేవారు, 1994లో ఆవిడ పేరే పెట్టారు అంటే మాత్రం "ఊ" అన్నారంతే.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కాంక్రీట్ కన్నా ఈ నేల చాలా నయం, కంచె కూడా ఎత్తు లేదు కాబట్టి నీళ్లు, అవతల బిల్డింగులు బాగా కనిపిస్తాయి. కాకపోతే దారి సన్నం, పక్కపక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకుంటే వెనకాల పరిగెత్తేవాళ్లకి చిరాకు. ఏప్రిల్‌లో వెళ్తే చెర్రీ పూలుంటాయి, మేం లేటయ్యాం.

నావి నాలుగు స్టార్లు. అమ్మ పై ట్రాక్ ఎక్కనేలేదు, వచ్చే ఆదివారం పాపని బేబీ క్యారియర్‌లో ఒంటికి కట్టుకుని మళ్లీ వెళ్తున్నాం.