హనుమాన్ సినిమా ఐదేళ్ల పాపకి చూపించొచ్చా? మా ఇంట్లో చూశాక నా మాట

చదివే టైం లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తా. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకైతే పక్కన కూర్చొని చూపించండి, హాయిగా చూస్తారు. ఐదారేళ్ల వాళ్లకి మాత్రం మొదట్లో వచ్చే విలన్ చిన్ననాటి భాగం, తర్వాత సగంలో హీరో అక్క చనిపోయే భాగం దాటించండి. అవి తీసేస్తే మిగతాది వాళ్లకి పండగే. ఎందుకు ఇంత కచ్చితంగా అంటున్నానో కింద రాస్తున్నా.

మేం ఉండేది నల్లగొండలో. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు నిండి ఆరు నడుస్తోంది. పోయిన ఏడాది ఇలాంటిదే ఒక మాయలు మంత్రాల సినిమా వస్తే, పోస్టర్ మీద రంగులు చూసి, దేవుడి కథే కదా అని ఇద్దర్నీ థియేటర్‌కి తీసుకుపోయాం. యూఏ సర్టిఫికెట్ అని తెరమీద పడింది, చూశాను కూడా, కానీ అప్పటికే సీట్లో కూర్చున్నాం, చేతిలో పాప్‌కార్న్ ఉంది. ఇంటర్వెల్ కూడా కాకముందే పాప నా కొంగు తల మీద కప్పుకొని, రెండు చేతులతో చెవులు మూసుకొని, నా ఒడిలో ముడుచుకుపోయింది. బయటికి తెచ్చేశాం. ఆ తర్వాత మూడు వారాలు రాత్రిపూట బాత్రూంకి ఒక్కతే పోలేదు, నేను తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతూనే ఉండాలి, మాట ఆపితే "అమ్మా ఉన్నవా?" అని లోపలినుంచి అరిచేది. ఆ మూడు వారాలు నాకు నా మీదే కోపం. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి: పిల్లలు పడుకున్నాక ముందు నేను చూస్తాను, తర్వాతే వాళ్లు.

యూఏ గురించి ఒక మాట, ఎందుకంటే నాకు కూడా అప్పట్లో సరిగ్గా తెలియదు. యూ అంటే అందరూ చూడొచ్చు, ఏ అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. మధ్యలో ఉన్న యూఏ అంటే పిల్లలకి చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులే ఆలోచించుకోవాలని అర్థం, అంతేగానీ పిల్లల్ని గేటు దగ్గర ఆపేస్తారని కాదు. ఇంతకుముందు పన్నెండేళ్ల లోపు పిల్లలందర్నీ ఒకే గాటన కట్టేవారు. 2024లో వచ్చిన కొత్త రూల్స్‌తో ఇప్పుడు యూఏ 7+, 13+, 16+ అని మూడు రకాలుగా ఇస్తున్నారు, ఇది నిజంగా మంచి మార్పు. కానీ హనుమాన్ వచ్చింది 2024 జనవరి 12న, సంక్రాంతికి, ఆ రూల్స్ కంటే ముందు. అందుకని దానికి పాత యూఏనే ఉంది, ఏడేళ్లకా పదమూడేళ్లకా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఎండాకాలం సెలవుల్లో దేవరకొండ నుంచి మా ఆడపడుచు పిల్లలు వచ్చారు, ఇంట్లో నలుగురయ్యారు, నలుగురూ హనుమాన్ పెట్టమని ఒకటే పోరు. మా అత్తమ్మ కూడా వాళ్ల వైపే. "హనుమంతుని సినిమాకు పిల్లలు భయపడుడేంది బిడ్డా, పెట్టు" అంది. నేను ఆ రాత్రి ఆగమని చెప్పి, అందరూ పడుకున్నాక జీ5లో మొత్తం చూశాను, రెండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు.

సినిమా సంగతి చెప్పాలంటే, ప్రశాంత్ వర్మ చాలా ఇష్టపడి తీసినట్టు కనిపిస్తుంది. అంజనాద్రి అని ఒక ఊరు, అది నిజంగా లేదు, కానీ చూస్తుంటే వెళ్లి ఉండాలనిపిస్తుంది, కొండంత హనుమంతుడి విగ్రహం, పక్కనే నీళ్లు. తేజ సజ్జ చేసిన హనుమంతు అక్క చాటున పెరిగిన ఆకతాయి, చిన్నాచితకా దొంగతనాలు చేస్తుంటాడు. ఆంజనేయుడి రక్తపు బొట్టు నుంచి పుట్టిన మణి అతని చేతికి చిక్కుతుంది. అది ఎండ ఉన్నప్పుడే పనిచేస్తుంది, పొద్దు పోతే బలం పోతుంది. ఈ ఒక్క షరతు పిల్లలకి ఎంత బాగా ఎక్కిందంటే, సినిమా నడుస్తున్నంతసేపూ నలుగురూ "ఎండుందా? ఎండుందా?" అని వెతుకుతూనే ఉన్నారు. కోతి పాత్రకి రవితేజ గొంతు, అది మాట్లాడినప్పుడల్లా పాప పడీపడీ నవ్వింది.

ఇక అసలు విషయానికి వస్తా. సినిమా మొదట్లోనే 1998, సౌరాష్ట్ర అని పడుతుంది. మైఖేల్ అనే పిల్లాడికి సూపర్ హీరో అయిపోవాలని పిచ్చి. సూపర్ హీరోలకి అమ్మానాన్నలు ఉండరు కదా అన్న ఆలోచన బుర్రలో పడి, కన్న తల్లిదండ్రుల్నే చంపేస్తాడు. రక్తం పారించి చూపించడం అంటూ ఏమీ లేదు, భూతాలు లేవు, దయ్యాలు లేవు. కానీ నాకు ఒక్కసారిగా కడుపులో దేవినట్టయింది. పక్కగదిలో మా పిల్లలు పడుకొని ఉన్నారు, తెర మీద వాళ్ల ఈడు పిల్లాడు ఆ పని చేస్తున్నాడు.

నాకు అర్థమైంది ఇదే. మనం ఇన్నాళ్లూ పిల్లల సినిమా అనగానే రాక్షసులున్నారా, కోరలున్నాయా అని వెతుకుతున్నాం. మన పిల్లలకి కోరలు కొత్త కాదు. మా అత్తమ్మ నరసింహస్వామి కథ చెప్తే స్తంభం పగిలి పేగులు తీసేదాకా చెప్తుంది, పాప కళ్లు పెద్దవి చేసుకొని వింటుంది, విని హాయిగా పడుకుంటుంది. ఎందుకంటే చెప్పేది నాయనమ్మ. పాప మొహం కొంచెం మారిందా, గొంతు తగ్గిస్తుంది, వీపు మీద చెయ్యి వేస్తుంది, మధ్యలో ప్రహ్లాదుణ్ని ఎత్తుకొని ముద్దాడిండు అని ముందుకి జరిపేస్తుంది. సినిమా పిల్లల మొహం చూడదు కదా, దాని దారిన అది పోతుంది. పైగా చిన్నపిల్లలకి రాక్షసుడు ఎక్కడో కథలో ఉంటాడు. అమ్మానాన్నలు, అక్క మాత్రం ఇంట్లో ఉంటారు. వాళ్లకి ఏమైనా అయితే అన్న భయమే ఆ వయసులో పెద్ద భయం. అందుకని ఏ సినిమా అయినా ముందుగా చూసేటప్పుడు నేనిప్పుడు వెతికేది ఒక్కటే: ఇందులో అమ్మకో, నాన్నకో, తోడబుట్టినవాళ్లకో ఏమవుతుంది, దాన్ని ఎంతసేపు చూపించారు.

ఆ లెక్కన ఈ సినిమాలో రెండో చోటు అక్క అంజమ్మ చనిపోవడం. వరలక్ష్మి శరత్‌కుమార్ చాలా బాగా చేసింది, అక్కా తమ్ముళ్ల మధ్య ఉన్న ప్రేమ చూస్తే ఎవరికైనా వాళ్ల అక్క గుర్తొస్తుంది. అందుకే ఆ చావు గట్టిగా తగులుతుంది. నేనైతే ఏడ్చాను. తొమ్మిదేళ్ల పిల్లాడు ఆ ఏడుపు తట్టుకుంటాడు, తట్టుకోవడం మంచిదే కూడా. ఐదేళ్ల పిల్లకి ఎందుకు? ఇవి కాక హీరోని దొంగలు పొడిచి నీళ్లలోకి తోసేసే సీను, గజపతి అనేవాడు ఎదురు తిరిగినవాళ్లని కుస్తీలో చంపేయడం ఉన్నాయి. వీటికి పాపని ఒడిలో కూర్చోబెట్టుకొని సౌండ్ తగ్గించాను, సరిపోయింది.

చివర్లో హనుమంతుడు మేల్కొనే ఘట్టం పాపకి భయమవుతుందని నేను చాలా టెన్షన్ పడ్డాను, ఆ శబ్దం, ఆ ఆకారం అలా ఉంటాయి. అదేం లేదు. మంచం మీద లేచి నిలబడి దండం పెట్టింది. అత్తమ్మ అయితే కళ్లు తుడుచుకుంది.

మేం ఎలా చూపించామంటే, పాపకి మొదటి భాగం లేకుండా అంజనాద్రి దగ్గర మొదలుపెట్టాం. ఆ కాసేపు పెద్దపిల్లలు ముగ్గురూ ముందు చూసేశారు, పాప వంటింట్లో అత్తమ్మ దగ్గర సకినాలు తింటూ కూర్చుంది. ఇంటర్వెల్‌కి ఆపి, మిగతాది మర్నాడు పొద్దున. చిన్నపిల్లలు రెండున్నర గంటలు కూర్చోలేరు, కూర్చున్నా అలసిపోయిన పిల్ల ఊరికే జడుసుకుంటుంది. రాత్రి పూట మాత్రం అస్సలు వద్దు. రిమోట్ మన చేతిలోనే ఉండాలి. ఇంకోటి, పాప భయపడ్డప్పుడు "అది ఉత్తదే, సినిమా" అని చెప్తే లాభం లేదు, ఆ వయసులో కనిపించిందే నిజం. ఒడిలోకి తీసుకోవడం, తెర ఆపేసి నీళ్లు తాగించడం, అవే పనిచేస్తాయి. పెద్దపిల్లలకి మాత్రం మాట్లాడాలి.

మాట్లాడాల్సి వచ్చింది కూడా. ఆ రాత్రి అన్నం తింటూ తింటూ బాబు చెయ్యి ఆపి అడిగాడు: "అమ్మా, అమ్మానాయిన లేకుంటెనే సూపర్ హీరో అయితరా? హనుమంతుకు గూడ లేరు గదా." నాకు వెంటనే నోరు పెగల్లేదు. మైఖేల్ తప్పు ఆలోచించాడని వాడికి తెలుసు, కానీ లెక్క మాత్రం కుదిరిపోతోంది కదా! ఆఖరికి, హనుమంతుకి అక్క ఉంది, బలం మణి ఇచ్చింది, దాన్ని ఎవరికోసం వాడాలో అక్క పెంపకం ఇచ్చింది, మైఖేల్ పోగొట్టుకున్నది అదే అని చెప్పాను. ఆంజనేయుడికి కూడా అంజనమ్మ ఉంది కదరా అని అత్తమ్మ అందుకుంది. వాడు తలూపి పెరుగన్నం కలుపుకున్నాడు. ఆ ప్రశ్న పక్కన ఎవరూ లేనప్పుడు వచ్చి ఉంటే వాడు లోపలే పెట్టుకునేవాడు. పక్కన కూర్చొని చూపించండి అని నేను అంతగా చెప్పేది అందుకే.

సినిమా చూపించేవాళ్లు తప్పకుండా జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది, నాకు ముందు తట్టనే లేదు. హీరో మణిని ఎండకి పెడితే దాంట్లోంచి వెలుగు కంట్లో పడి బలం వస్తుంది. రెండో రోజు పదకొండు గంటలకి బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే, మా వాడు ఎర్ర గాజు గోళీ ఒకటి వేళ్ల మధ్య పట్టుకొని, ఒక కన్ను మూసి, రెండో కంటితో గోళీలోంచి సూర్యుణ్నే చూడబోతున్నాడు. మిగతా ముగ్గురు వరసలో నిలబడి ఉన్నారు వాళ్ల వంతు కోసం. బకెట్ అక్కడే పడేసి ఉరికాను. సూర్యుణ్ని నేరుగా చూస్తే కంటి లోపలి పొర కాలుతుంది, కాలుతున్నప్పుడు నొప్పి కూడా తెలియదు, అందుకే పిల్లలు చూపు తిప్పుకోరు. తిట్టలేదు. గోళీని ఎండకి పెట్టి ఆ వెలుగు గోడ మీద పడేలా చూపించాను, ఎర్రగా మచ్చ పడింది, దాన్ని అరచేతిలో పట్టుకోండి అన్నాను. ఇక మధ్యాహ్నం దాకా అదే ఆట. సాయంత్రం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయాం, గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా నిలిచే నీడ ఉంటుంది కదా, స్తంభాల మధ్య నుంచి వెలుగు అన్ని వైపులా వచ్చేలా కట్టడం వల్ల అలా పడుతుందని చెప్తే, పాప ఆ నీడ వంక చాలాసేపు చూసి "మణి ఈడనే ఉందా?" అని అడిగింది.

ఈ సినిమాకి తర్వాతి భాగం జై హనుమాన్ అని చివర్లోనే వేశారు. అది థియేటర్‌కి వచ్చిన రోజు మొదట మా ఆయన, నేను వెళ్లి చూస్తాం. పాపకి టికెట్ తీసుకోవాలా వద్దా అన్నది ఇంటికొచ్చాక చెప్తామని పాపకి ఇప్పుడే చెప్పి పెట్టాను, సరే అంది.