మెదడు ఆపరేషన్ తర్వాత తల తిరుగుడు: పడకా, మాత్రా, కసరత్తా, ఏది మేలు?

మా అక్కకు కుడిచెవి వెనక, మెదడు కాండానికి ఆనుకొని పెరిగిన కంతిని తీసివేసిన మూడు నాలుగు రోజులకు మా ఇంట్లో ఒక వాదన మొదలైంది. లేచి కూర్చుంటే చాలు, గది గిర్రున తిరిగిపోతోందని ఆమె కళ్ళు గట్టిగా మూసుకునేది. కదలకుండా పడుకోనివ్వండని అమ్మ, తిరుగుడు తగ్గే మాత్ర పూటపూటా వేయాలని బావ, లేపి నడిపించి తల తిప్పించాలని ఫిజియోథెరపిస్టు చెప్పారు. ముగ్గురూ ఆమె మేలు కోరే చెప్పారు గాని, మూడు దారులూ ఒకచోటికి చేరవు. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను: మొదటి రెండు మూడు రోజుల్లో పడకకూ మాత్రకూ చోటుంది, ఆ తర్వాత ఆ చోటు కసరత్తుకు ఇవ్వాలి.

ఎందుకో తెలియాలంటే తల లోపల ఏం జరిగిందో చూడాలి. ఈ కంతిని వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు. ఎకూస్టిక్ న్యూరోమా అన్నది పాత పేరు. ఇది క్యాన్సర్ కాదు. ఎనిమిదో కపాల నాడిలో శరీరపు సమతూకాన్ని చూసే శాఖ చుట్టూ ఉండే కణాల్లో పుడుతుంది కాబట్టి, కంతిని తీసేటప్పుడు సాధారణంగా ఆ శాఖను కూడా కోయవలసి వస్తుంది. మనం కదలకుండా కూర్చున్నా రెండు చెవుల్లోని సమతూక నాడులు మెదడుకు ఎడతెరిపి లేకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. అవి రెండు వైపులా సమానంగా ఉన్నంతసేపు తల నిలకడగా ఉందని మెదడు గ్రహిస్తుంది. ఒక వైపు సంకేతం హఠాత్తుగా ఆగిపోతే తక్కెడలో ఒక సిబ్బె ఖాళీ అయినట్లే అవుతుంది, దాంతో తల బాగున్న చెవి వైపు తిరుగుతూనే ఉందని మెదడు పొరబడుతుంది. గది తిరగడం, ఆ వెంటనే వచ్చే వికారం ఈ పొరపాటు ఫలితమే.

ఈ పొరపాటులో ఒక భాగాన్ని మెదడు తనంతట తానే, చిన్నమెదడు సాయంతో, కొద్ది రోజుల్లో సరిచేసుకుంటుంది. అందుకే ఊరికే కూర్చున్నప్పటి తిరుగుడు ఎవరేమీ చేయకపోయినా తగ్గుతూ వస్తుంది. తల కదిపినప్పుడు వచ్చే తిరుగుడు సంగతి వేరు. తల కదిలినప్పుడు చూపు జారిపోతోందన్న కబురు పదేపదే అందితేనే మెదడు కళ్ళను కొత్తగా సర్దుకోవడం నేర్చుకుంటుంది. ఈ మూడు దారులనూ తూచవలసింది ఈ ఒక్క విషయం దగ్గరే.

అమ్మ చెప్పిన పడక మొదటి ఒకటి రెండు రోజులు తప్పదు. డాక్టర్లు చెప్పినంత ఎత్తులో తల ఉంచి, వాంతి కాకుండా చూసుకుంటూ గడపడమే అప్పటి పని. కాని అదే పడక రెండో వారానికి పాకితే, తల కదలదు కనుక తప్పు జరుగుతున్నట్లు మెదడుకు తెలియదు, తెలియని తప్పును అది దిద్దుకోలేదు. పైగా ఎక్కువ రోజులు పడుకున్నవారికి కాళ్ళ కండ సడలుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్ళకు చీకట్లు కమ్ముతాయి. అప్పుడు ఇంట్లోవాళ్ళు ‘చూశారా, ఇంకా తగ్గలేదు’ అని మళ్ళీ పడుకోబెడతారు. పడక తెచ్చిన నీరసాన్ని ఆపరేషన్ ఖాతాలో వేయడం ఇలాగే మొదలవుతుంది.

మాత్ర విషయంలో బావ మాట సగం నిజం. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరజిన్ వంటివి సమతూక కేంద్రాల అలజడిని అణచి వికారాన్ని తగ్గిస్తాయి; తిన్నది నిలవక, ఓకరింపులతో తలలో ఒత్తిడి పెరుగుతున్న రోగికి మొదటి రోజుల్లో అవి పెద్ద ఊరట. అయితే అలజడిని అణచే ఆ గుణమే మెదడు నేర్చుకునే వేగాన్ని కూడా అణచివేస్తుంది. వారాల తరబడి వాడితే మగత, తూలు పెరగడమే కాక, ముఖ్యంగా పెద్దవయసువారిలో చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం వంటి పార్కిన్సన్ లక్షణాలు కూడా రావచ్చు. మన వైపు తల తిరుగుడు అనగానే రాసే బీటాహిస్టీన్ వేరే తరహా మందు. దానికి అంత మగత లేదు, కాని అది కసరత్తుకు బదులు కాదు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. తిరుగుడు మాత్రను ఎప్పుడు ఆపాలో డాక్టరును అడగండి అంటున్నానే గాని, సొంతంగా ఏ మాత్రనూ ఆపమని కాదు. ఫిట్స్ రాకుండా ఇచ్చిన మాత్రను, వాపు తగ్గడానికి ఇచ్చిన డెక్సామెథసోన్‌ను హఠాత్తుగా మానేయడం చాలా ప్రమాదం.

ఇక కసరత్తు. 1940లలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు వైద్యులు తలకు దెబ్బ తగిలి తూలే రోగులను పడుకోబెట్టకుండా కళ్ళు, తల, ఒళ్ళు క్రమంగా కదిలించే పద్ధతి రూపొందించారు. నేటి సమతూక చికిత్సకు మూలం అదే. అక్క చేత చేయించినది చూడటానికి ఏమంత పెద్ద పని కాదు. గోడకు వేలాడే క్యాలెండరులో పెద్దగా అచ్చయిన తేదీ అంకె మీద చూపు నిలిపి, తలను మాత్రం అటూ ఇటూ తిప్పాలి, అంకె కాస్త చెదరడం మొదలయ్యేంత వేగంతో. మొదటి రోజు నాలుగుసార్లు తిప్పేసరికి ‘ఒరేయ్, అంకె ఈదుతోందిరా’ అని కుర్చీ పట్టుకుంది. అలా ఈదడమే మెదడుకు అందవలసిన కబురు. అంకె ఈదకుండా ఉండాలని తలను మెల్లగా తిప్పుతూ ఉంటే లాభం లేదు. తల నిలిపి కళ్ళు మాత్రమే అటూ ఇటూ తిప్పితే అసలు లాభం లేదు. ఒక వైపు సమతూకం పోయినవారికి అమెరికా ఫిజియోథెరపిస్టుల మార్గదర్శకాలు చెప్పే లెక్క, మొదటి దశలో రోజుకు కనీసం 3 విడతలు, మొత్తం 12 నిమిషాలు; తిరుగుడు నెలల తరబడి నిలిచిపోయినవారికి 20 నిమిషాలు. తిరుగుడు కొద్దిగా పెరిగి, కాసేపట్లో సర్దుకుంటే మోతాదు సరిపోయినట్లు. గంటలకొద్దీ వికారం మిగిలితే తగ్గించాలి. ముందుకు వంగడం, బరువులెత్తడం వంటివి సర్జన్ సరే అనేదాకా వద్దు.

ఈ తూకం అందరికీ ఒకేలా వర్తించదు. మనం అన్నిటినీ ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అనేస్తాం గాని, గది తిరగడం వేరు, నడకలో తూలడం వేరు, లేవగానే చీకట్లు కమ్మడం వేరు. చీకట్లు కమ్మితే పడుకున్నప్పుడూ, లేచిన మూడు నిమిషాల లోపలా రక్తపోటు చూడాలి. పై అంకె 20 గాని అంతకంటే ఎక్కువ గాని తగ్గితే విషయం చెవిది కాదు. పక్క మీద దొర్లినప్పుడు కొద్ది సెకన్లు మాత్రమే తిరిగితే, లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి ఉండవచ్చు. దానికి వేరే చికిత్స ఉంది. ఫినిటోయిన్ వంటి ఫిట్స్ మందు మోతాదు మించినా తూలుతారు. ఆపరేషన్ చిన్నమెదడుకే జరిగి ఉంటే కోలుకోవడం నెమ్మదిస్తుంది, ఎందుకంటే నేర్పవలసిన గురువుకే గాయమైంది. ముక్కులోంచి నీళ్ళలా పలచగా కారడం, కుట్ల దగ్గర తడి, మెడ బిగుసుకుపోయి జ్వరం, భరించలేని తలనొప్పి, మాట ముద్దకావడం, మగతలోకి జారడం, వీటిలో ఏది కనిపించినా కసరత్తు గురించి ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ముక్కు కారుతుంటే జలుబనుకొని ఊరుకోవద్దు. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

చేతికర్ర మేలా, మనిషి చెయ్యి మేలా అన్నది కూడా మా ఇంట్లో తేలవలసి వచ్చింది. మొదటి వారాల్లో మనిషే మేలు, అదీ ఆపరేషన్ జరిగిన వైపున, అర అడుగు వెనకగా. నడకలో మనిషి ఒరిగేది ఎక్కువగా ఆ వైపుకే. పైగా అక్కకు ఆ చెవి వినపడదు కనుక వీధిలో బండి హారన్ ఎటునుంచి వస్తోందో ఆమెకు తెలిసేది కాదు. తర్వాత కర్రకు మారడం మంచిదైంది, ఎందుకంటే ఎవరో ఒకరు పట్టుకున్నంత కాలం ఆమె తన పాదాలను నమ్మలేదు.

చీకటిలో సమతూకానికి కళ్ళ సాయం ఉండదు కనుక మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రంతా చిన్న దీపం వెలిగేది. మేము ముందుగా ఊహించనిది తలస్నానం. చెంబుతో తల మీద నీళ్ళు పోసుకుంటే ఎవరైనా కళ్ళు మూసుకుంటారు. అలా మూసిన క్షణంలో తడి నేల మీద అక్క కుడివైపుకు ఒరిగిపోయింది, అమ్మ పక్కనే ఉండబట్టి పట్టుకుంది. ఆరు వారాలకు క్యాలెండరు అంకె నిలకడగా కనిపించసాగినా, స్నానాలగదిలో వేసిన ప్లాస్టిక్ కుర్చీని మాత్రం తీయలేదు.