కాలిన్ కౌంటీయా, ఫోర్సైత్ కౌంటీయా: స్వావలంబనకు ఏది మేలు?

డాలస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్‌లో గానీ, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్‌లో గానీ ఒకటి రెండెకరాలు కొనుక్కుని, కరెంటు పోయినా, కొట్లు మూతపడినా కొన్ని వారాలు ఇల్లు గడిచేలా ఏర్పాటు చేసుకోవాలనుకునే మనవాళ్లు ఈ ప్రశ్న తరచూ అడుగుతున్నారు. బడులు, ఉద్యోగాలు, గుళ్లు రెండుచోట్లా ఉన్నాయి. నా దృష్టిలో తేల్చవలసింది నీటి సంగతి.

2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. ఆ రాష్ట్రపు విద్యుత్ గ్రిడ్ చాలావరకు విడిగా ఉండడంతో బయటి నుంచి తెచ్చుకోగలిగింది స్వల్పమే. వెంటనే నీటికీ కటకట ఏర్పడింది. పైపులు పగిలాయి, వచ్చిన నీటిని కాచి తాగమని ఎన్నో ఊళ్లు ప్రకటించాయి. కాలిన్‌లో పట్టణాలు లవాన్ వంటి జలాశయాల మీద ఆధారపడతాయి, భూగర్భజలం చాలా లోతున ఉండడంతో సొంత బోరు ఖర్చు తలకు మించినదవుతుంది. కాబట్టి అక్కడ వాననీరే దిక్కు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన కురిస్తే సుమారు 600 గ్యాలన్లు పట్టుకోవచ్చు. వాననీటి పీపాలను కాలనీ సంఘాలు పూర్తిగా నిషేధించకుండా టెక్సాస్ చట్టమే అడ్డుపడుతుంది. నేల మన నల్లరేగడి వంటిదే: బెండ, గోంగూర బాగా వస్తాయి గానీ, ఎండాకాలంలో నెర్రెలు విచ్చి పునాదులు కదులుతాయని ఇంటి చుట్టూ గొట్టం పరిచి మట్టిని తడపవలసి వస్తుంది. తోటకు నీరు అవసరమైన రోజుల్లోనే పునాదికీ పెట్టాలి.

ఫోర్సైత్‌లో ఏటా 50 అంగుళాలకు పైగా వాన పడుతుంది. నేల పులుపెక్కిన ఎర్రమట్టి కనుక సున్నం, పశువుల ఎరువు వేయక తప్పదు. రాతినేల కావడంతో, తెలంగాణలో లాగే, పక్కవాళ్ల బోరులో నీళ్లు పడ్డాయని మన బోరులోనూ పడతాయన్న హామీ లేదు. అయినా పడ్డ బోరు ఉంటే, ఇక్కడి వాలు నేలే వరమవుతుంది: జనరేటరుతో కాసేపు మోటారు నడిపి మిట్ట మీది ట్యాంకు నింపుకుంటే, 23 అడుగుల ఎత్తు తేడాకు సుమారు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 10 పౌన్ల) ఒత్తిడి దానంతటదే వస్తుంది, డ్రిప్పు మళ్లకు అది చాలు. ఊరి కుళాయి నీటినే నమ్ముకుంటే మాత్రం ఇక్కడా భరోసా లేదు. 2007 కరువులో ఈ ప్రాంతానికి నీరిచ్చే లేనియర్ జలాశయంలో మట్టం బాగా పడిపోయి, ఉత్తర జార్జియాలో ఆరుబయట నీటి వాడకంపై చాలావరకు నిషేధం వచ్చింది.

వర్జీనియాలోని లౌడన్ కౌంటీ పడమటి భాగం గురించి కూడా అడుగుతుంటారు. నేల మంచిది, బోర్లున్న ఇళ్లూ ఉన్నాయి. భూమి ధర మాత్రం అందరికీ అందేది కాదు.

నా మొగ్గు ఉత్తర ఫోర్సైత్ వైపే, డాసన్ కౌంటీ సరిహద్దు దిక్కున. బోరు గంటకు ఎన్ని గ్యాలన్లు ఇస్తుందో పరీక్ష చేయించి, ఆ ఫలితం చూశాకే కొంటామన్న షరతును ఒప్పందంలో రాయించుకోండి. ఉద్యోగరీత్యా కాలిన్ వదలలేనివారు సోలార్ పలకలకంటే ముందు వాననీటి ట్యాంకుకు డబ్బు కేటాయించండి.