లోమండ్ సరస్సు చూడాలంటే కొండెక్కాలా, ఒడ్డు వెంట నడవాలా?

ఎండలు కాస్త మొదలైతే చాలు, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చదువుకునే మన పిల్లలు అడిగేది ఇదే: వెస్ట్ హైలాండ్ వేలో ఒక్క రోజు నడవాలంటే ఏ భాగం బాగుంటుంది? మల్‌గై నుంచి ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్ల బాట అది. అందరి మనసూ రెండు భాగాల మధ్యే ఊగుతుంది. ఒకటి డ్రిమ్మెన్‌లో మొదలై కోనిక్ హిల్ మీదుగా బల్మాహాలో దిగేది, సుమారు 12 కి.మీ. రెండోది రోవర్‌డెన్నన్ నుంచి సరస్సు తూర్పు ఒడ్డునే ఇన్వర్‌ఆర్నన్ దాకా సాగేది, సుమారు 22 కి.మీ. మల్‌గై–డ్రిమ్మెన్ భాగం సులువే కానీ లోమండ్ ఒడ్డుకు చేరదు. బల్మాహా–రోవర్‌డెన్నన్ హాయిగా ఉంటుంది, చాలావరకు రోడ్డుకు దగ్గర్లోనే.

నా దృష్టిలో తేల్చాల్సింది కిలోమీటర్లు కాదు. కాళ్లు మొరాయించినా, వాన పట్టుకున్నా మధ్యలో ఆపేసి ఇంటికి రాగలమా అన్నది. కారు లేనివాళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

రోవర్‌డెన్నన్‌తో రోడ్డు అయిపోతుంది. అక్కడికి బస్సు లేదు. సీజన్‌లో అవతలి ఒడ్డున ఉన్న టార్బెట్ నుంచి పడవలో రావాలి, లేదా ఎవరైనా దింపాలి. అక్కడి నుంచి దారి మధ్యలో వచ్చే ఇన్వర్‌స్నెయిడ్ దాకా పర్వాలేదు. కింద ఒడ్డు బాట ఇబ్బందిగా ఉంటే పైన అడవి రోడ్డు పట్టుకోవచ్చు, రెండూ ముందుకెళ్లి కలుస్తాయి. ఇన్వర్‌స్నెయిడ్ దాటాకే అసలు పరీక్ష. చెట్ల వేళ్లు, తడి బండలు, అక్కడక్కడా చేతులు ఆనించి ఎక్కాల్సిన చోట్లు. గంటకు రెండు కిలోమీటర్లు నడిచినా బాగా నడిచినట్టే. అవతలి ఒడ్డున హైవే మీద కార్లు కనిపిస్తూనే ఉంటాయి, మనం మాత్రం చేరలేం. చివర్లో ఆర్డ్‌లీష్ దగ్గర స్తంభానికి ఉన్న బంతిని పైకి లాగితే, ఆ సైగ చూసి అవతలి ఒడ్డున ఉన్న ఆర్డ్‌లూయీ నుంచి చిన్న పడవ వస్తుంది, అదీ సీజన్‌లోనే. ఇన్వర్‌ఆర్నన్‌లో గ్లాస్గో బస్సు దొరుకుతుంది కానీ, చివరి బస్సు తప్పిపోతుందేమోనన్న టెన్షన్‌తో ఆ బండల మీద తొందరపడటం మంచిది కాదు.

డ్రిమ్మెన్ సంగతి వేరు. గ్లాస్గో నుంచి బాలోక్ దాకా రైలు, అక్కడి నుంచి డ్రిమ్మెన్ మీదుగా బల్మాహా వెళ్లే బస్సు. నడక మొదలయ్యే ఊరూ, ముగిసే ఊరూ ఒకే బస్సు దారిలో ఉన్నాయి. బల్మాహాలో ఓపిక మిగిలితే ఒడ్డు వెంట ఇంకాస్త నడిచి వెనక్కి రావచ్చు, లేకపోతే ఆ పూటకు చాలు.

సరస్సు నిండుగా కనిపించేదీ ఇక్కడే. ఒడ్డు వెంట నడిచేటప్పుడు కళ్లు కాళ్ల మీదే ఉంటాయి, మిగతాది చెట్లు కప్పేస్తాయి. 361 మీటర్ల కోనిక్ హిల్ ఎక్కితే ఇంచ్‌కాయిలాక్, టొరిన్చ్, క్రీన్చ్, ఇంచ్‌ముర్రిన్ ద్వీపాలు గీత గీసినట్టు ఒకే వరుసలో కనిపిస్తాయి. స్కాట్లాండ్ పల్లపు నేలనూ ఎత్తైన ప్రాంతాన్నీ విడదీసే హైలాండ్ బౌండరీ ఫాల్ట్ అనే భూమి లోపలి పగులు ఈ కొండ మీదుగా, ఆ ద్వీపాల మీదుగానే పోతుంది. పులిహోర డబ్బా తెరవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. బాట శిఖరానికి కాస్త కిందుగా పోతుంది, ఆ కొంచెం కూడా ఎక్కండి. బల్మాహా వైపు దిగుడు నిటారుగా ఉంటుంది, మోకాళ్లు జాగ్రత్త.

ఒడ్డు దారిని తీసిపారేయడం లేదు. మబ్బు కొండను కమ్మేసిన రోజు పైనుంచి ఏమీ కనిపించదు, అప్పుడు కిందే మేలు. మే నెలలో ఓక్ అడవుల్లో నీలి బ్లూబెల్ పూలు పరుచుకుంటాయి, ఇన్వర్‌స్నెయిడ్ దగ్గర అడవి మేకలు ఎదురవుతాయి. రాళ్లలో నడిచిన అలవాటుండి, జూన్‌లో పొద్దున్నే బయల్దేరగలిగితే తప్పకుండా వెళ్లండి. డిసెంబర్‌లో వెలుతురు ఏడు గంటలే కాబట్టి అప్పుడు వద్దు. రెండు రోజులుగా విడగొట్టి ఒడ్డున టెంట్ వేద్దామనుకుంటే, మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా తూర్పు ఒడ్డున చాలాచోట్ల నేషనల్ పార్క్ పర్మిట్ కావాలి, ముందే తీసుకోండి.