నాలుగేళ్లకు పైగా బీజీఎంఐ: "అక్కడ" అనే మాటతో ఎన్నిసార్లు చచ్చామో

2021 జూలైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా (బీజీఎంఐ) అనే తుపాకుల ఆట వచ్చిన వారంలోనే ఫోనులో వేసుకున్నాను. 2022 జూలైలో దాన్ని స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ పెట్టారు. ఆ నడిమి కాలం తప్పిస్తే విడవకుండా ఆడుతూనే ఉన్నాను. తుపాకుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది నోటి గురించి.

మా జట్టు నలుగురం. ఒంగోలులో ఉండే బావ ఇళ్లు కట్టే మేస్త్రి. పిన్ని కొడుకు చీమకుర్తిలో గ్రానైటు పాలిషింగ్ పనిలో ఉన్నాడు. బావ కూతురు నెల్లూరులో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. నేను అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉంటాను. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ నాకు పెద్దగా పని ఉండదు.

మొదటి ఏడాదంతా మాకు చావడమే సరిపోయింది. గురి బాగాలేక కాదు. ఎరాంగెల్ అనే మ్యాపులో ఓ సాయంత్రం పొచింకి అనే ఊరి పక్కన జరిగింది ఇంకా గుర్తుంది. "అదుగో, అక్కడున్నాడు!" అని తమ్ముడు అరిచాడు. "ఎక్కడ?" అన్నాను. "అక్కడే అన్నా, చెట్టు పక్కన!" ఆ మ్యాపులో చెట్టు లేని చోటు ఏది? ఈ మూడు మాటలు ముగిసేలోపు బావా నేనూ దెబ్బ తిని నేల మీద పాకుతున్నాం. తమ్ముడు మాత్రం ఇంకా "అక్కడే, అక్కడే" అంటూనే ఉన్నాడు.

తెర పైభాగంలో దిక్సూచి పట్టీ ఉంటుంది. దాని మీద 15, 30, 60 అంటూ అంకెలు ఉంటాయి. కొత్తవాళ్లెవరూ దాని వంక చూడరు, మేమూ చూడలేదు. మేనకోడలు చెప్పాక చూశాం. అప్పుడు బావ, "ఈ అంకెలు నా వల్ల కాదు, నైరుతి అనండి, తెలుస్తుంది" అన్నాడు. అందరం నవ్వాం. కానీ పట్టీ మీద ఉన్నవి అవే కదా! 45 ఈశాన్యం, 135 ఆగ్నేయం, 225 నైరుతి, 315 వాయవ్యం. వాస్తు చూసి వంటగది ఎక్కడో, నీళ్ల తొట్టి ఎక్కడో చెప్పే మేస్త్రికి దిక్కులు ఒకరు నేర్పాలా? ఆ రోజు నుంచి మా మాట తీరు మారింది. "ఆగ్నేయం, రెండంతస్తుల మేడ, పై కిటికీ, ఒక్కడే." ముందు దిక్కు, తర్వాత ఆనవాలు, చివర ఎంతమంది. అంతే, ఆపై నోరు మూయాలి. ఎందుకంటే శత్రువు అడుగుల చప్పుడు వినబడాలి. ఇయర్‌ఫోన్లు లేకుండా ఈ ఆట ఆడటం కళ్లకు గంతలు కట్టుకుని రోడ్డు దాటడమే.

అంకెలు అవసరమే లేదని కాదు. దూరంలో ఉన్నవాణ్ని వెతకాలంటే ఎనిమిది దిక్కులు చాలవు. "నైరుతికి కాస్త ఎడమ అంటే ఎలా మామయ్యా, 210 అనండి" అని ఇప్పటికీ సరిదిద్దుతుంది మేనకోడలు. ఇంకో మెలిక ఉంది. నలుగురూ దగ్గరగా ఉన్నప్పుడే ఒకరి దిక్కు మరొకరికి పనికొస్తుంది. నాకు ఆగ్నేయంలో ఉన్నవాడు రెండు వందల మీటర్ల అవతల ఉన్న బావకు ఉత్తరంలో ఉండొచ్చు. అప్పుడు మాట కన్నా మ్యాపు మీద గుర్తు పెట్టడమే మేలు.

ఆట మొదట్లో పారాచూట్లతో దిగేటప్పుడు నలుగురూ ఒకే ఇంట్లో దూరితే తుపాకుల కోసం మనలో మనకే తోపులాట. మూడు వీధుల అవతల దిగితే ఎవరికి వారే యమునా తీరే. పక్క పక్క ఇళ్లు చూసుకోండి. వందమంది దిగే ఆటలో మొదటి అయిదు నిమిషాలు బతకడమే కొత్తవాళ్లకు పెద్ద పని కాబట్టి, పేరున్న ఊళ్ల జోలికి కొన్నాళ్లు పోవద్దు.

ఇక మమ్మల్ని అందరికన్నా ఎక్కువసార్లు చంపింది బంధుప్రేమ. బావ దెబ్బ తిని పడిపోయాడంటే నేను పరుగు, నన్ను చూసి తమ్ముడు పరుగు. పడినవాణ్ని లేపడానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లూ కదలకుండా కూర్చున్న మనిషిని కొట్టడానికి గొప్ప గురి అక్కర్లేదు. ఎరవేసి చేపలు పట్టినట్టు ఒకడిని పడగొట్టి మిగతావాళ్ల కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. ఇప్పుడు మా పద్ధతి వేరు. పడినవాడు ఏడవకుండా గోడ చాటుకు పాకుతూ దెబ్బ ఎటునుంచి వచ్చిందో చెప్పాలి, ఆ సంగతి బాగా తెలిసింది అతనికే. స్మోక్ (పొగ బాంబు) వేసేది పడినవాడి నెత్తి మీద కాదు, అతనికీ కొట్టినవాడికీ మధ్య. ఒకరే వెళ్లి లేపాలి, మిగతా ఇద్దరి తుపాకులూ శత్రువు వైపే ఉండాలి. "నాన్నా, పడుకోండి, లేవకండి!" అని మేనకోడలు అరిస్తే, పొగలో పడుకునే "నువ్వు ముందు అన్నం తిన్నావా?" అని అడిగాడు బావ ఓసారి. ఆ రౌండు ఓడిపోయాం.

మందుల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఫస్ట్ ఎయిడ్ కిట్ ప్రాణాన్ని 75 దాకానే తెస్తుంది, అక్కణ్నుంచి పైకి ఎనర్జీ డ్రింకులు, పెయిన్‌కిల్లర్లు పనికొస్తాయి. బావ సిమెంటు బస్తాల్లా కట్లు పోగేసి సంచీ నింపుకునేవాడు. చివరికి స్మోక్ పెట్టుకోవడానికి చోటుండేది కాదు.

పోయిన చలికాలంలో ఒక రాత్రి ఆట మధ్యలో కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగితే గుంటలో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లవారుజామున అయితే మరీ ప్రమాదం. "కరెంటు" అని ఒక్క మాట అని, ఫోను మంచం మీద పడేసి జనరేటర్ దగ్గరికి పరుగెత్తాను. అది మొరాయించింది, పది నిమిషాలు పోయింది. తిరిగొచ్చి చూస్తే నా బొమ్మ ఒక ఇంటి లోపలి గదిలో నేను వదిలినచోటే పడుకుని ఉంది. గుమ్మం దగ్గర మేనకోడలు, మేడ మీద తమ్ముడు, మెట్ల కింద బావ. ఆట సాగేకొద్దీ చుట్టూ దగ్గరికి జరుగుతూ, అవతల ఉన్నవాళ్ల ప్రాణం తోడేసే నీలం గోడ ఇంటి పెరటిదాకా వచ్చేసింది. "రొయ్యలు క్షేమమా మామయ్యా? అయితే పరుగెత్తండి, వాయవ్యం" అంది. ఆరో స్థానంలో పోయాం. గెలిచిన ఆటలు చాలా మర్చిపోయాను, ఇది మాత్రం మర్చిపోలేదు.

చిరాకులూ లేకపోలేదు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ రోజు డేటా హరించుకుపోతుంది. తక్కువ మెమరీ ఉన్న నా పాత ఫోను అరగంటకే పెనంలా కాలేది. గ్రాఫిక్స్ అడుగుకు తగ్గించుకున్నాక కొంత నయం. రంగు రంగుల చొక్కాల పెట్టెలకు డబ్బు పెట్టకండి, వాటితో గుండు ఒక్కటి కూడా తక్కువ తగలదు. ఒకసారి నేను కొన్న ఎర్ర కోటు చూసి తమ్ముడు, "అన్నా, గడ్డిలో నువ్వు చీమకుర్తికి కూడా కనబడుతున్నావు" అన్నాడు. తెలియనివాళ్లతో ఆడేటప్పుడు మైకు మొదట మూసి ఉంచండి, మాటల తీరు చూశాక తెరవచ్చు.

బావకు భయం వేస్తే మాత్రం ఇప్పటికీ "అక్కడ!" అనే అరుస్తాడు. అది వినగానే ముగ్గురం చేతిలో పని వదిలేసి ఉన్నచోటే పడుకుంటాం.